ఐర్లండ్ కోటల తోటల్లో గోల్ఫ్: ఎవరికి ఏ కోర్స్ సరిపోతుంది

ఐర్లండ్‌కు గోల్ఫ్ ఆడడానికి వెళ్లేవారు మొదట సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మీద ఉండే లింక్స్ కోర్సుల గురించే ఆలోచిస్తారు. అది సహజమే. అయితే కుటుంబంతో వెళ్లేవారు, అక్కడే ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో ఆడుకునేవారు, గాలివానలో బంతి వెనుక పరుగెత్తే ఉత్సాహం లేనివారు ఎక్కువగా వెతికేది లోతట్టు ప్రాంతాల్లోని పార్క్‌ల్యాండ్ కోర్సులనే. వాటిలోనూ పాత జమీందారీ కోటల ఆవరణల్లో వేసినవాటికి ప్రత్యేకమైన ఆకర్షణ ఉంది. ఈ వ్యాసంలో అటువంటి కోర్సులు నాలుగింటిని, అంటే క్లేర్ కౌంటీలోని డ్రోమోలాండ్, లిమరిక్ కౌంటీలోని అడేర్, మేయో కౌంటీలోని ఆష్‌ఫర్డ్, డబ్లిన్ అంచునున్న లట్రెల్స్‌టౌన్‌లను పోల్చి, ఏది ఎవరికి సరిపోతుందో చెప్పడానికి ప్రయత్నిస్తాను. మధ్యలో ఐదవది కూడా ఒకటి వస్తుంది. దాని గురించి ప్రచార పత్రాల్లో పెద్దగా కనబడదు కానీ, నా దృష్టిలో కోటను చూస్తూ ఆడాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసింది దాని గురించే.

కోట పక్కన గోల్ఫ్ అనగానే హైదరాబాద్ వారికి గోల్కొండ గుర్తుకు వస్తుంది. నయా ఖిల్లా గోడల పక్కన, బండరాళ్ల మధ్య హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్స్ ఉంది కనుక, ఐర్లండ్ కోటల కోర్సులు కూడా అదే తీరులో ఉంటాయని అనుకునే ప్రమాదం ఉంది. రెండింటి స్వభావం పూర్తిగా వేరు. గోల్కొండది యుద్ధం కోసం కట్టిన దుర్గం, నేల గట్టిది, ఎండాకాలంలో బంతి పడిన చోటి నుంచి చాలా దూరం దొర్లుతుంది. ఐర్లండ్‌లో ఈ రోజు మనం చూసే కోటల్లో చాలావాటిని పద్దెనిమిదవ, పంతొమ్మిదవ శతాబ్దాల్లో ప్రభువంశాలు నివాస భవనాలుగా తిరగకట్టించుకున్నాయి. వాటి చుట్టూ ఓక్, బీచ్, లైమ్ వంటి చెట్లను దూరదూరంగా నాటించి, నడుమ పచ్చికబయళ్లు వదిలి, వాగుకు అడ్డుకట్ట వేసి సరస్సులు తయారు చేయించారు. పార్క్‌ల్యాండ్ అనే మాటకు అసలు అర్థం ఆ దృశ్యమే. అక్కడి నేల మెత్తగా, సారవంతంగా ఉంటుంది కాబట్టి గ్రీన్ (బంతిని గుంటలోకి దొర్లించే నున్నటి పచ్చిక) మీద పడిన బంతి అక్కడే నిలుస్తుంది, ఫెయిర్‌వే (గ్రీన్ వరకు సాగే కత్తిరించిన గడ్డి దారి) మీద పడినది పెద్దగా దొర్లదు. మన దగ్గర 220 గజాలు వెళ్లే దెబ్బ అక్కడి చలిగాలిలో, తడి పచ్చిక మీద అంత దూరం వెళ్లదు. అందువల్ల ఎంత దూరపు టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి ఆడాలో నిర్ణయించుకునేటప్పుడు సొంత ఊరి లెక్కను పక్కన పెట్టి, ఒక మెట్టు ముందున్న టీని ఎంచుకోవడం మంచిది.

ఎంపికలో మొదటి ప్రశ్న నేల, వాన

చాలామంది పోలికను కోట అందంతోనో, గదుల అద్దెతోనో మొదలుపెడతారు. నేను మాత్రం వానతో మొదలుపెట్టమంటాను. డబ్లిన్ పరిసరాల్లో ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్ల వాన కురిస్తే, పడమటి కౌంటీలైన క్లేర్, గాల్వే, మేయోల్లో చాలాచోట్ల అది 1,000 మిల్లీమీటర్లు దాటుతుంది. పైగా అది మన నైరుతి రుతుపవనాల్లా నాలుగు నెలలు దంచికొట్టి ఆగిపోయే వాన కాదు, ఏడాది పొడవునా తుంపరగా పడుతూనే ఉండేది. లింక్స్ కోర్స్ ఇసుక నేల ఆ నీటిని ఎప్పటికప్పుడు పీల్చేసుకుంటుంది. పార్క్‌ల్యాండ్ నేలలో మట్టిపాలు ఎక్కువ కాబట్టి నీరు నిలుస్తుంది. నవంబరు నుంచి మార్చి వరకు ఇటువంటి కోర్సుల్లో బగ్గీలను (ఆటగాళ్లు ఎక్కి తిరిగే చిన్న బండ్లను) అనుమతించకపోవడం, బంతిని ఎత్తి తుడిచి మళ్లీ పెట్టుకోనివ్వడం, కొన్ని చోట్ల అసలు గ్రీన్లను మూసి తాత్కాలిక గ్రీన్ల మీద ఆడించడం మామూలే. నడవలేని పెద్దవారు జట్టులో ఉంటే, బగ్గీ దొరుకుతుందా లేదా అన్నది ఆ రోజు ఉదయం ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరాలి.

ఈ ఒక్క విషయంలో అడేర్‌ది ప్రత్యేక స్థానం. టామ్ ఫాజియో అనే కోర్స్ రూపకర్త ఆధ్వర్యంలో కోర్సును పునర్నిర్మించి 2018లో తిరిగి తెరిచినప్పుడు, గ్రీన్ల కింద సబ్‌ఎయిర్ అనే యంత్ర వ్యవస్థను అమర్చారు. నేలలోని తడిని గొట్టాల ద్వారా కిందికి లాగి, వేళ్లకు గాలి అందించడం దాని పని. అందుకే వాన వెలిసిన కొద్దిసేపటికే అక్కడి గ్రీన్లు గట్టిపడి, బంతి వేగంగా కదులుతుంది. మిగిలిన మూడు కోర్సుల్లో ఆట వాతావరణాన్ని బట్టి మారుతుంది కాబట్టి, వాటికి మే నుంచి సెప్టెంబరు మధ్యలో వెళ్లడమే తెలివైన పని. జూన్‌లో పడమటి ఐర్లండ్‌లో సూర్యాస్తమయం రాత్రి పది గంటల ప్రాంతంలో అవుతుంది. సాయంత్రం అయిదు గంటలకు మొదలుపెట్టినా పద్దెనిమిది హోల్స్ (టీ నుంచి గ్రీన్‌లోని గుంట వరకు ఒక హోల్) పూర్తవుతాయి, సాయంత్రపు తగ్గింపు రుసుము ఇచ్చే కోర్సులో అయితే ఖర్చు కూడా కలిసి వస్తుంది. డిసెంబరులో నాలుగుంపావు దాటితే చీకటి పడిపోతుంది.

డ్రోమోలాండ్

షానన్ విమానాశ్రయానికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో, న్యూమార్కెట్ ఆన్ ఫెర్గస్ అనే ఊరి పక్కన ఈ కోట ఉంది. 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో మరణించిన ఐర్లండ్ రాజు బ్రయన్ బోరు వంశీయులైన ఓబ్రయన్లు, ఇంచిక్విన్ బారన్లుగా, శతాబ్దాల తరబడి ఇక్కడ నివసించారు. ఇప్పుడు కనిపించే భవనం 1835లో పూర్తయింది. ఆస్తి నిర్వహణ భారమై 1962లో బెర్నార్డ్ మెక్‌డొనా అనే అమెరికన్ వ్యాపారికి అమ్మేస్తే, ఆయన మరుసటి ఏడాదికల్లా దానిని హోటల్‌గా మార్చాడు. అక్కడి గోల్ఫ్ కోర్సును 2004 నాటికి రాన్ కర్బీ, జో కార్ కలిసి పూర్తిగా కొత్తగా తీర్చిదిద్దారు. ఈ జో కార్ సామాన్యుడు కాడు. బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్‌ను 1953, 1958, 1960లలో మూడుసార్లు గెలిచిన ఐరిష్ ఆటగాడు.

పార్ (మంచి ఆటగాడికి పట్టే దెబ్బల లెక్క) 72, పొడవు సుమారు 6,800 గజాలు. ఈ అంకెలు చెప్పని విషయం ఏమిటంటే, ఇక్కడ ఆట సాగుతున్నంతసేపూ కోట దోబూచులాడుతూ ఉంటుంది. చెట్ల వరుస వెనుక మాయమై, మలుపు తిరగగానే సరస్సు అవతల ప్రత్యక్షమవుతుంది. ఏడవ హోల్ ఇందుకు పరాకాష్ఠ. అది ఎత్తైన టీ మీద నుంచి కిందికి కొట్టే పార్ 3, ఎదురుగా గ్రీన్, దాని వెనుక సరస్సు, ఆ వెనుక బూడిదరంగు బురుజులు. ఫోటో తీయడంలో మునిగి వెనుకనున్న జట్టును ఆపేయడం ఇక్కడ అందరూ చేసే తప్పు.

ఆట కష్టం విషయానికి వస్తే, డ్రోమోలాండ్ మధ్యస్థంగా ఉంటుంది. 2022, 2023లలో మహిళల ఐరిష్ ఓపెన్ జరిగినది ఇక్కడే కనుక వృత్తి క్రీడాకారిణులకు కూడా పరీక్ష పెట్టగల కోర్సే. అయినా ముందు టీల నుంచి ఆడితే 20కి పైగా హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, ఎక్కువైన కొద్దీ ఆట బలహీనం) ఉన్నవారు కూడా బంతుల సంచీ ఖాళీ చేసుకోకుండా బయటపడగలరు. కోట, గోల్ఫ్ రెండూ సమపాళ్లలో కావాలని, జీవితకాలపు పొదుపు కరిగిపోకూడదని కోరుకునే మొదటిసారి యాత్రికుడికి నేను డ్రోమోలాండ్‌నే సూచిస్తాను. హోటల్‌లో గది తీసుకోవడం తప్పనిసరి అనుకోనక్కరలేదు. ఎన్నిస్‌లోనో లిమరిక్‌లోనో బస చేసి, ఆటకు మాత్రమే వచ్చే వీలు ఉందేమో ముందుగా అడిగితే ఖర్చు సగానికి పైగా తగ్గవచ్చు.

అడేర్: ఒకే పేరుతో రెండు క్లబ్బులు

అడేర్ మేనర్ నిజానికి కోట కాదు. డన్‌రావెన్ ప్రభువు కుటుంబం 1832లో మొదలుపెట్టి మూడు దశాబ్దాల పాటు కట్టించుకున్న గోథిక్ శైలి సౌధం. మేగ్ అనే నది పక్కన, 840 ఎకరాల ఎస్టేట్‌లో ఉంది. రాబర్ట్ ట్రెంట్ జోన్స్ సీనియర్ రూపొందించిన మొదటి కోర్స్ 1995లో ప్రారంభమైంది. 2007, 2008లలో ఐరిష్ ఓపెన్ ఇక్కడే జరిగింది. 2007లో పాడ్రిగ్ హారింగ్టన్ గెలిచాడు. మరుసటి ఏడాది రిచర్డ్ ఫించ్ అనే ఇంగ్లిష్ ఆటగాడు చివరి రోజు పద్దెనిమిదవ హోల్‌లో నది గట్టు మీద నిలబడి గ్రీన్ వైపు బంతిని కొట్టి, ఆ ఊపులో అదుపు తప్పి నడుములోతు నీటిలో పడ్డాడు. బంతి మాత్రం సురక్షితంగా గ్రీన్ చేరింది. తడిసిన బట్టలతోనే ఆట ముగించి ట్రోఫీ అందుకున్నాడు. ఆ హోల్ ఇప్పటికీ నదిని దాటి సౌధం ముందు ముగిసే పార్ 5గానే ఉంది.

తరువాత జె.పి. మెక్‌మానస్ అనే లిమరిక్ వ్యాపారవేత్త ఈ ఎస్టేట్‌ను కొని, ఫాజియోతో కోర్సును పునాదుల నుంచి తిరిగి కట్టించాడు. కోవిడ్ వల్ల ఒక ఏడాది వెనక్కి జరిగిన రైడర్ కప్ (యూరప్, అమెరికా జట్ల పోటీ) 2027 సెప్టెంబరులో ఇక్కడ జరగాలి. ఈ కోర్స్‌లో గడ్డి ఎంత నున్నగా ఉంటుందంటే, ఫెయిర్‌వే ఎక్కడ ముగిసిందో గ్రీన్ ఎక్కడ మొదలైందో కొన్ని చోట్ల కళ్లు పెట్టి చూస్తే గాని తెలియదు. అదే అసలు కష్టం. గ్రీన్ అంచున పడిన బంతి ఆగకుండా వాలులోకి జారిపోతుంది. అక్కడి నుంచి బంతిని మెల్లగా ఎగరేసి గ్రీన్ మీదికి చేర్చే చిన్న చిప్ షాట్ ఆడడం చేతకానివారికి ఒకే గ్రీన్ చుట్టూ ప్రదక్షిణలు తప్పవు. 15 లోపు హ్యాండిక్యాప్ లేనివారికి ఈ కోర్స్ ఇచ్చే ఆనందం, అది వసూలు చేసే మొత్తానికి తగినంత ఉండదని నా అభిప్రాయం. నాలుగింటిలో అత్యంత ఖరీదైనది ఇదే, హోటల్ అతిథులకే మొదటి ప్రాధాన్యం కూడా. రైడర్ కప్ దగ్గరపడే కొద్దీ టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) దొరకడం మరింత కష్టమవుతుంది. లిమరిక్, క్లేర్ కౌంటీల్లో గదుల అద్దెలు కూడా ఆ సమయంలో ఎలా ఉంటాయో ఊహించవచ్చు. ఆటను శ్రద్ధగా అభ్యసించి, జీవితంలో ఒక్కసారి అత్యుత్తమంగా సంరక్షించిన గడ్డి మీద ఆడాలనే కోరిక ఉన్నవారు మాత్రం తప్పక పొదుపు చేసి వెళ్లవలసిన చోటు.

ఇక ముందు చెప్పిన ఐదవ కోర్స్ సంగతి. ఇదే అడేర్ ఊరిలో, ఇదే ఎస్టేట్ భూమికి ఆనుకుని, అడేర్ మేనర్ గోల్ఫ్ క్లబ్ అనే మరొక సంస్థ ఉంది. అది 1900లో స్థాపించిన సభ్యుల క్లబ్బు, హోటల్ కోర్స్ కంటే ఎంతో పాతది, చాలా చిన్నది, పార్ 69. పేర్లు దాదాపు ఒకటే కావడంతో ఒకదానికి బదులు మరొకటి బుక్ చేసుకునే పొరపాటు సులభంగా జరుగుతుంది. విచిత్రమేమిటంటే అసలైన కోట ఉన్నది ఈ చిన్న క్లబ్బు వైపే. మేగ్ నది ఒడ్డున డెస్మండ్ కోట శిథిలాలు, 1464లో స్థాపించిన ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠం మొండిగోడలు ఈ కోర్స్ మధ్యలో నిలిచి ఉన్నాయి. ఆ శిథిలాల నీడలో, ఊరివాళ్ల మధ్య, పెద్ద హంగులేవీ లేకుండా ఆడుకోవచ్చు. గడ్డి హోటల్ కోర్స్ స్థాయిలో ఉండదు, హోల్స్ పొట్టివి, దూరం కొట్టేవారికి కొంత విసుగు కలగవచ్చు. ఆటగాడిగా వచ్చే గొప్పలు మనకు అక్కరలేదు, అయిదు వందల ఏళ్లకు పైబడిన గోడల పక్కన తీరికగా నడవాలి అనుకుంటే, నేనైతే పెద్దదానికి కాక దీనికే ఓటు వేస్తాను.

ఆష్‌ఫర్డ్

గాల్వే, మేయో కౌంటీల సరిహద్దులో, కాంగ్ అనే చిన్న ఊరిలో, కోరిబ్ సరస్సు ఒడ్డున ఆష్‌ఫర్డ్ కోట ఉంది. ఐర్లండ్ ద్వీపంలో రెండవ పెద్ద సరస్సు అదే. 1228లో డి బర్గ్ వంశీయులు మొదలుపెట్టిన కోట ఇది. 1852లో బీరు వ్యాపారంతో ప్రసిద్ధులైన గిన్నిస్ కుటుంబం కొని విస్తరించింది, 1939 నుంచి హోటల్‌గా నడుస్తోంది. భవనం చూస్తే పై కోర్సులన్నింటికంటే ఇదే గంభీరమైనది. గోల్ఫ్ మాత్రం తొమ్మిది హోల్స్ మాత్రమే, పార్ 35, పొడవు 3,000 గజాలకు అటూ ఇటూ. దీన్ని గీసినది ఎడ్డీ హాకెట్. పడమటి తీరంలో డబ్బు లేని ఊళ్లకు నేల వాలును చెడగొట్టకుండా గొప్ప లింక్స్ కోర్సులు వేసి ఇచ్చిన మనిషి ఆయన. ఇక్కడా పెద్ద బంకర్లతో (ఇసుక గుంటలతో) భయపెట్టకుండా, ఎస్టేట్ చెట్ల మధ్య దారి చూపినట్టుగా హోల్స్‌ను అమర్చాడు.

గోల్ఫ్ కోసమే ఇంత దూరం వెళ్లమని ఎవరికీ చెప్పను. డబ్లిన్ నుంచి కారులో మూడు గంటల ప్రయాణం, తొమ్మిది హోల్స్ రెండు గంటల్లో అయిపోతాయి. అయితే ఇంట్లో ఒక్కరే ఆడతారు, మిగతావారికి ఆ ఆట అంటే విసుగు అనే కుటుంబానికి ఇంతకంటే మంచి ఎంపిక లేదు. ఒకరు ఉదయం ఆడి వచ్చేలోపు పిల్లలు 1999 నుంచి అక్కడే నడుస్తున్న డేగల శిక్షణ కేంద్రంలో డేగను చేతి మీద నిలబెట్టుకుని అడవిలో నడిచి రావచ్చు, సరస్సులో పడవ ఎక్కవచ్చు. గోల్ఫ్ వల్ల సెలవు పాడైందన్న నిష్ఠూరం ఆ రోజు ఎవరి నోటి నుంచీ రాదు. కొత్తగా నేర్చుకునే భార్యకో, కొడుకుకో, కూతురికో మొదటి పూర్తి ఆటగా కూడా తొమ్మిది హోల్సే నయం.

లట్రెల్స్‌టౌన్

డబ్లిన్ నగర కేంద్రానికి పడమర దిక్కున, భారతీయ కుటుంబాలు చాలా నివసించే డబ్లిన్ 15 అనే తపాలా ప్రాంతంలోనే, 560 ఎకరాల ఆవరణలో ఈ కోట ఉంది. 1927లో ఎర్నెస్ట్ గిన్నిస్ తన కూతురు ఐలీన్ పెళ్లికి కానుకగా దీన్ని కొని ఇచ్చాడు. 1999లో ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్ పెళ్లి జరిగిందీ ఇక్కడే. కోటను ఇప్పటికీ పెళ్లిళ్లకు, వేడుకలకు మొత్తంగా అద్దెకు ఇస్తారు. అంటే గోల్ఫ్ ఆడడానికి వెళ్లినవారు కోట లోపల టీ తాగవచ్చని అనుకోకూడదు. ఆటగాళ్లకు వేరుగా కట్టెలతో కట్టిన క్లబ్‌హౌస్ ఉంది. కోట చెట్ల సందుల్లోంచి కనబడుతుంది, అంతే.

కోర్స్ 1990లలో వేసినది, వెనుక టీల నుంచి 7,000 గజాలకు పైగా ఉంటుంది. ఇది యాత్రికుల కోసం కాక, డబ్లిన్‌లో ఉండే మనవాళ్ల కోసం ఈ జాబితాలో చేర్చాను. శనివారం ఉదయం ఆడి మధ్యాహ్న భోజనానికి ఇంటికి చేరవచ్చు, తూర్పున వాన తక్కువ కాబట్టి ఏడాదిలో ఆడగలిగే రోజులు కూడా పడమర కంటే ఎక్కువ. విమానాశ్రయానికి దగ్గర కనుక, భారత్ నుంచి వచ్చిన బంధువును తిరిగి పంపే రోజున ఒక ఆట ఆడించడానికి కూడా వీలుగా ఉంటుంది. పడమటి కోర్సుల్లో దొరికే ఏకాంతం ఇక్కడ ఆశించకూడదు.

మన అలవాట్లకు తేడా పడే చోట్లు

మన దేశంలో క్యాడీ (సంచీ మోసే సహాయకుడు) లేకుండా ఆడినవారు అరుదు. ఐర్లండ్‌లో అధిక శాతం మంది తమ ట్రాలీని తామే లాక్కుంటూ నడుస్తారు, క్యాడీ కావాలంటే చాలా ముందుగా అడగాలి, దానికి ఇచ్చే మొత్తం మన లెక్కల్లో దిమ్మతిరిగేలా ఉంటుంది. కనుక పద్దెనిమిది హోల్స్ నడవగల ఓపిక ఉందా అని నిజాయితీగా చూసుకోవాలి. డ్రోమోలాండ్ ఎత్తుపల్లాలు మోకాళ్ల నొప్పి ఉన్నవారికి గట్టి పరీక్షే, అడేర్ దానితో పోలిస్తే చదునుగా ఉంటుంది. 2020 నుంచి ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతి అమల్లోకి రావడంతో ఇక్కడి అంకెను అక్కడి వారు అర్థం చేసుకుంటారు. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ ద్వారా వచ్చిన హ్యాండిక్యాప్ వివరాన్ని ఫోన్‌లో పెట్టుకుని వెళితే చాలు. బూట్లు తప్పనిసరిగా వాటర్‌ప్రూఫ్‌వే కావాలి, ఒక జత సాక్సులు సంచీలో అదనంగా పెట్టుకోవాలి. ఇది చిన్న విషయంగా కనబడుతుంది గాని, తడిసిన కాళ్లతో పదవ హోల్ దాటేసరికి కోటా కనబడదు, సరస్సూ కనబడదు.

రెండు రోజులు చేతిలో ఉండి షానన్‌లో దిగేవారికి నా సూచన ఇది: మొదటి రోజు డ్రోమోలాండ్, రెండవ రోజు ఉదయం అడేర్ ఊరిలోని పాత క్లబ్బు. మిగిలిన డబ్బుతో, మిగిలిన సమయంతో లింక్స్ కూడా చూడాలనిపిస్తే సుమారు గంట దూరంలో లాహించ్ ఉంది. 1892లో స్థాపించిన ఆ క్లబ్బులో ఓల్డ్ కోర్స్‌తో పాటు కాసిల్ కోర్స్ అనేది కూడా ఉంది. దాని పక్కన డూ కోట మొండిగోడ నిలిచి ఉంది గానీ అది పార్క్‌ల్యాండ్ కాదు, సముద్రపు గాలి తగిలే చదును నేల. పేరులో కోట అని ఉంది కదా అని చెట్ల నీడను ఊహించుకుని, పలుచని చొక్కాతో అక్కడికి వెళ్లవద్దు.